డౌన్ పేమెంట్ లేకుండా అమెరికా పల్లెల్లో ఇల్లు: యూఎస్‌డీఏ లోను మీకు వస్తుందో రాదో మీరే తేల్చుకోవడం ఎలా

డల్లాస్ శివార్లలోని ఫ్రిస్కోలో, ప్లేనోలో ఇళ్ళ ధరలు చూసి గుండె జారినవాళ్ళందరూ ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. "కాస్త దూరంగా వెళ్తే ఒక్క డాలరు డౌన్ పేమెంట్ లేకుండా గవర్నమెంట్ లోను ఇస్తారటగా, మాకొస్తుందా?" కొందరైతే ఇల్లు చూసేసి, నచ్చేసి, పూజగది ఎక్కడ పెట్టాలో కూడా అనుకున్నాక అడుగుతారు. అక్కడే వస్తుంది చిక్కు. ఈ లోను విషయంలో ఇల్లు చూడటం మూడో పని. ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి, వాటికి ఇంట్లో కూర్చుని ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు.

థియరీ ఇంతే: దీని అసలు పేరు సెక్షన్ 502 గ్యారంటీడ్ లోను. అప్పు ఇచ్చేది బ్యాంకో మోర్ట్‌గేజ్ కంపెనీయో, అమెరికా వ్యవసాయ శాఖ అంటే యూఎస్‌డీఏ ఆ అప్పుకి హామీగా నిలబడుతుంది. మీరు రైతు కానక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ కూడా తీసుకోవచ్చు. 30 ఏళ్ళ ఫిక్స్‌డ్ రేటు ఒక్కటే ఉంటుంది. ఇదే సెక్షన్ 502లో డైరెక్ట్ లోను అని ఇంకోటి ఉంది, అది తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి యూఎస్‌డీఏ నేరుగా ఇచ్చేది, దానికి అప్లికేషన్ కూడా స్థానిక రూరల్ డెవలప్‌మెంట్ ఆఫీసులోనే పెట్టాలి. ఈ రెండిటి రూల్సూ కలిపేసి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, జాగ్రత్త. నేను ఇక్కడ చెప్పేదంతా గ్యారంటీడ్ గురించే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- అమెరికా పాస్‌పోర్టు లేదా గ్రీన్‌కార్డు, లోను మీద ఎవరెవరు ఉంటారో వాళ్ళందరివీ
- రెండేళ్ళ డబ్ల్యూ-2లు (కంపెనీ ఏటా ఇచ్చే జీతం లెక్క), ట్యాక్స్ రిటర్న్‌లు, ఈ మధ్య నెల రోజుల పే స్టబ్‌లు. ఇంట్లో సంపాదించే పెద్దవాళ్ళందరివీ కావాలి, లోను మీద లేనివాళ్ళవి కూడా
- రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు
- డేకేర్, ఆఫ్టర్ స్కూల్ ఫీజు రసీదులు (వీటిని చాలామంది పారేస్తారు, అసలు పని వీటితోనే)
- ఇండియాలో అద్దెలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ వస్తుంటే వాటి లెక్క
- కారు లోను, స్టూడెంట్ లోను, క్రెడిట్ కార్డుల నెలవారీ కట్టుబడులు

1. మీ స్టేటస్ చూసుకోండి

అమెరికా సిటిజన్, లేదా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు అప్లై చేయొచ్చు. శరణార్థులుగా వచ్చినవాళ్ళ లాంటి మరికొన్ని కేటగిరీలు కూడా ఉన్నాయి, మనవాళ్ళలో అవి అరుదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు, ఎల్-1 వాళ్ళు, హెచ్-4 ఈఏడీ (పని చేసుకునే అనుమతి) వాళ్ళు ఈ లోనుకు పనికిరారు. ఐ-140 (కంపెనీ వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవ్ అయిందండీ, పదేళ్ళుగా ఇక్కడే ట్యాక్సులు కడుతున్నామండీ అన్నా ప్రయోజనం లేదు. మీరు హెచ్-1బీ అయితే మిగతా మెట్లు వదిలేసి కింద "మీకు రాకపోతే" దగ్గరికి వెళ్ళిపోండి, మీ దారి వేరే ఉంది, అదేమీ చెడ్డ దారి కాదు.

భార్యాభర్తల్లో ఒకరికే గ్రీన్‌కార్డు ఉంటే? ఆ ఒక్కరి పేరు మీదే లోను తీసుకోవచ్చు. కానీ రెండోవాళ్ళ జీతం, అప్పులు ఎటూ పోవు, అవి ఎలా వెనక్కి వస్తాయో 2లోనూ 5లోనూ చూడండి.

2. ఇంటి మొత్తం ఆదాయం లెక్క వేయండి

ఎక్కువమంది పల్టీ కొట్టేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా.

ఇక్కడ చూసేది లోను తీసుకునేవాళ్ళ ఆదాయం కాదు, ఆ ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ళందరి ఆదాయం. అదీ పోయినేడాది డబ్ల్యూ-2లో ఉన్నది కాదు, రాబోయే 12 నెలల్లో వస్తుందనుకునేది. జీతం పెరిగి ఉంటే పెరిగిన జీతమే లెక్క. గ్రాస్ చూడాలి, చేతికొచ్చేది కాదు. రిటైర్‌మెంట్ పొదుపు 401కే కట్ అయ్యాక మిగిలింది చూసి "మేము లిమిట్ లోపలే ఉన్నాం" అనుకుని సంబరపడేవాళ్ళు చాలామంది ఉంటారు. ఏటా వచ్చే బోనస్, ఓవర్‌టైమ్, ఇండియా నుంచి వచ్చే అద్దె, వడ్డీ, అన్నీ కలపాలి.

లిమిట్ ఎంత? 2025లో ప్రకటించిన మామూలు లిమిట్ నలుగురి వరకు ఉన్న కుటుంబానికి 1,19,850 డాలర్లు, ఐదు నుంచి ఎనిమిది మంది ఉంటే 1,58,250. డల్లాస్ లాంటి ఖర్చెక్కువ మెట్రోల కౌంటీల్లో ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది. ఏటా మారుతుంది కాబట్టి యూఎస్‌డీఏ ఎలిజిబిలిటీ సైట్‌లో మీ రాష్ట్రం, మీ కౌంటీ ఎంచుకుని చూసుకోండి.

మొత్తం లిమిట్ దాటగానే వదిలేయకండి. ఇందులోంచి తీసేయదగ్గవి ఉన్నాయి:

- 18 ఏళ్ళ లోపు ప్రతి పిల్లకీ పిల్లాడికీ 480 డాలర్లు (18 దాటినా ఫుల్‌టైమ్ చదువుతుంటే వాళ్ళకీ వర్తిస్తుంది)
- 12 ఏళ్ళు, అంతకు లోపు పిల్లల డేకేర్ ఖర్చు. మీరు ఉద్యోగం చేయడానికో చదువుకోవడానికో కట్టేదై ఉండాలి, ఎవరూ తిరిగి ఇవ్వనిదై ఉండాలి
- లోను మీద ఉన్నవాళ్ళలో ఒకరికి 62 ఏళ్ళు నిండితే 400 డాలర్లు, దాంతో పాటు ఏడాది ఆదాయంలో మూడు శాతం దాటిన వైద్య ఖర్చులు

ఒక కుటుంబం అనుకోండి. భర్త జీతం 98,000, భార్య పార్ట్‌టైమ్ 34,000, మొత్తం 1,32,000. పిల్లలిద్దరు, నాలుగేళ్ళు, తొమ్మిదేళ్ళు. చిన్నదాని డేకేర్, పెద్దాడి ఆఫ్టర్ స్కూల్ కలిపి నెలకు 1,100, అంటే ఏడాదికి 13,200. పిల్లల తగ్గింపు 960. 1,32,000 లోంచి ఈ రెండూ తీసేస్తే 1,17,840. మామూలు లిమిట్ 1,19,850 ఉన్న కౌంటీలో కూడా ఈ కుటుంబం పాసైపోయింది! డేకేర్ రసీదులు లేకపోతే ఫెయిల్. డేకేర్ డబ్బులు తెలిసినవాళ్ళ అత్తగారి చేతికి నోట్ల రూపంలో ఇచ్చేస్తుంటే ఇవాళ్టి నుంచి చెక్కు రాయడం మొదలెట్టండి.

అమ్మానాన్నల సంగతి. వాళ్ళు గ్రీన్‌కార్డు మీద మీతోనే స్థిరంగా ఉంటుంటే ఇంటి సభ్యుల లెక్కలోకి వస్తారు, మీరు ఐదుగురైతే పెద్ద లిమిట్ వర్తిస్తుంది. వాళ్ళకొచ్చే పెన్షన్ కూడా లెక్కలోకి వస్తుంది మరి. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండి వెళ్ళేవాళ్ళను కలిపి "మేము ఆరుగురం" అని రాయకండి. వాళ్ళ ఇల్లు ఇక్కడిది కాదు. ఇంకోటి, 62 ఏళ్ళ తగ్గింపు లోను మీద పేరున్నవాళ్ళ వయసుకే, ఇంట్లో ఉన్న నాన్నగారి వయసుకు కాదు.

కాలేజీ పిల్లలు పార్ట్‌టైమ్ చేస్తుంటే కంగారొద్దు. 18 దాటినా ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే వాళ్ళ సంపాదనలో 480 డాలర్లే లెక్కలోకి తీసుకుంటారు.

3. ఇప్పుడు అడ్రస్ చూడండి, కౌంటీ పేరు కాదు

"మాది రూరల్ కౌంటీయే కదా" అనే మాటకు ఇక్కడ విలువ లేదు. ఒకే కౌంటీలో ఒక ముక్క పనికొస్తుంది, పక్క ముక్క పనికిరాదు. కాలిన్ కౌంటీనే తీసుకోండి, ఫ్రిస్కో, ప్లేనో ఎలాగూ రావు, అదే కౌంటీలో తూర్పు వైపు ఫార్మర్స్‌విల్, బ్లూ రిడ్జ్ లాంటి చిన్న ఊళ్ళున్నాయి, వెతకాల్సింది అటువైపు.

స్థూలంగా రూల్ ఏంటంటే పదివేల జనాభా లోపు ఊళ్ళు, మెట్రోకి బయట ఉండి బ్యాంకు అప్పులు సరిగా దొరకని చోట ఇరవైవేల లోపు ఊళ్ళు. ఒకప్పుడు రూరల్‌గా ఉండి తర్వాత పెరిగిన కొన్ని ఊళ్ళను 35,000 జనాభా వరకు 2030 జనాభా లెక్కలు వచ్చేదాకా అలాగే ఉంచుతున్నారు. ఇదంతా గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మ్యాప్ ఉంది.

యూఎస్‌డీఏ ఎలిజిబిలిటీ సైట్ తెరవండి. అందులో సింగిల్ ఫ్యామిలీ హౌసింగ్ గ్యారంటీడ్ అని ఉన్నదాన్ని నొక్కండి. పక్కనే మల్టీ ఫ్యామిలీ, బిజినెస్ ప్రోగ్రాములు కూడా ఉంటాయి, వాటి మ్యాప్‌లు వేరు, తప్పుదాంట్లో చూసి నిరాశపడినవాళ్ళూ ఉన్నారు, లేనిపోని ఆశపడినవాళ్ళూ ఉన్నారు. ఇంటి నంబరుతో సహా పూర్తి అడ్రస్ కొట్టండి. రంగు వేసి ఉన్న ప్రాంతం పనికిరానిది.

కొత్త వెంచర్లలో అడ్రస్ దొరకదు, ఎందుకంటే వీధి పేరు ఇంకా మ్యాపుల్లోకి ఎక్కి ఉండదు. అప్పుడు మ్యాప్‌ను పెద్దది చేసుకుని ఆ స్థలం మీదికి మీరే వెళ్ళి చూడాలి, బిల్డర్ దగ్గర ప్లాట్ మ్యాప్ తీసుకుని దగ్గర్లోని పాత రోడ్డుతో పోల్చుకోండి. గీత రోడ్డు మధ్యలోంచి పోతుంటే ఇంటికి ఏ పక్క ఉందో లెండర్‌తో రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఉత్తరాలు వచ్చే అడ్రస్‌లో మెకిన్నీ అని ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు మెకిన్నీ సిటీలో ఉన్నట్టు కాదు. సిటీ బయట ఉన్నవాటికి కూడా దగ్గరి పోస్టాఫీసు పేరే పడుతుంది. కాబట్టి లిస్టింగ్‌లో ఊరి పేరు చూసి వదిలేయకండి, ఊరి పేరు చూసి నమ్మేయకండి కూడా.

చూసిన పేజీని తేదీ కనిపించేలా ప్రింట్ తీసి పెట్టుకోండి.

4. చేతిలో డబ్బు మరీ ఎక్కువ ఉందా?

నవ్వొచ్చే సంగతే కానీ నిజం. ఇంటి ధరలో 20 శాతం, పైగా క్లోజింగ్ (ఇల్లు మీ పేరున మారే రోజు) ఖర్చులు మీ దగ్గర సిద్ధంగా ఉండి, ప్రైవేట్ మోర్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ లేకుండా మామూలు కన్వెన్షనల్ లోను, అంటే గవర్నమెంట్ హామీ లేనిది, వచ్చే స్థితిలో మీరుంటే, ఈ లోను మీకు ఇవ్వరు. 2,80,000 ఇంటికి 20 శాతం అంటే 56,000. రిటైర్‌మెంట్ ఖాతాల్లో డబ్బు ఇందులోకి రాదు. బ్యాంకులో ఉన్నదాన్ని తమ్ముడి ఖాతాలోకి పంపేద్దాం అనే తెలివి మాత్రం చూపించకండి, స్టేట్‌మెంట్లో కనబడుతుంది, అబద్ధం చెప్పి ఫెడరల్ హామీ తీసుకోవడం నేరం.

ఇప్పటికే ఇల్లు ఉన్నవాళ్ళు, అది అద్దెకిచ్చి దీన్ని తీసుకుందామనుకునేవాళ్ళు ముందే లెండర్‌కి చెప్పండి. మీరు పని చేసే చోటికి అందుబాటులో, కుటుంబానికి సరిపడే ఇల్లు మీ పేరున ఉంటే కుదరదు. హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉందా, అదీ చెప్పేయండి.

5. నెల కిస్తీ మీ జీతానికి ఆగుతుందా

రెండు నిష్పత్తులు గుర్తుపెట్టుకోండి: 29, 41. ఇంటి కోసం నెలకు కట్టేది గ్రాస్ జీతంలో 29 శాతం దాటకూడదు, దానికి కారూ కార్డులూ అన్నీ కలిపితే 41 దాటకూడదు. ఇక్కడ మాత్రం లోను మీద పేరున్నవాళ్ళ జీతమే లెక్క.

పైన చెప్పిన కుటుంబంలో భార్యకు ఇంకా గ్రీన్‌కార్డు రాలేదు, ఈఏడీ మీద పని చేస్తోంది అనుకోండి. ఆవిడ 34,000 ఇంటి ఆదాయంలో కలిసింది, కానీ కిస్తీ లెక్కలో పనికిరాదు! భర్త నెల గ్రాస్ 8,167. అందులో 29 శాతం 2,368.

ఇల్లు 2,80,000. యూఎస్‌డీఏ హామీ ఫీజు ఒక శాతం, దాన్ని లోనులోనే కలిపేయొచ్చు, అప్పుడు లోను 2,82,828 అవుతుంది. వడ్డీ 6.5 శాతం అనుకుంటే అసలు, వడ్డీ కలిపి నెలకు 1,788. ఏటా 0.35 శాతం ఫీజు, మొదట్లో నెలకు 82 దాకా పడుతుంది, ఇది లోను ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. ప్రాపర్టీ ట్యాక్స్ రెండు శాతం వేసుకుంటే 467. ఇన్సూరెన్స్ 200. మొత్తం 2,537, అంటే 31 శాతం. దాటేసింది.

ఐపోయిందా అంటే కాలేదు. యూఎస్‌డీఏ కంప్యూటర్ సిస్టమ్, గస్ అంటారు దాన్ని, మీ క్రెడిట్ బావుంటే ఇంకాస్త ఎక్కువకు కూడా ఒప్పుకోవచ్చు. అది ఒప్పుకోకపోతే మనిషి కూర్చుని చూస్తాడు, అప్పుడు 680 స్కోరు, దాంతో పాటు ఇంకో బలం ఏదైనా ఉంటే 32, 44 వరకు వెళ్ళొచ్చు. క్రెడిట్ స్కోరుకు యూఎస్‌డీఏ కింది హద్దేమీ పెట్టలేదు కానీ చాలామంది లెండర్లు 640 అడుగుతారు.

ఈ లెక్కలో మనవాళ్ళు తప్పు చేసేది ట్యాక్స్ దగ్గర. లిస్టింగ్‌లో పోయినేటి ట్యాక్స్ ఉంటుంది. కొత్త ఇంటికి అది ఖాళీ స్థలం మీద వేసిన ట్యాక్స్ కావచ్చు, పాత ఇంటికి అమ్మేవాళ్ళకు సొంతింట్లో ఉన్నందుకు ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు తీసేశాక మిగిలింది కావచ్చు. అది నమ్మి కొంటే ఏడాది తిరిగేసరికి ఎస్క్రో వాళ్ళు (కిస్తీతో పాటు ట్యాక్స్, ఇన్సూరెన్స్ వసూలు చేసి కట్టేవాళ్ళు) నెల కిస్తీ మూడు నాలుగు వందలు పెంచేస్తారు. టెక్సస్ కొత్త వెంచర్లలో మడ్ ట్యాక్స్ అని నీళ్ళూ డ్రైనేజీల కోసం విడిగా ఉంటుంది, మొత్తం రేటు మూడు శాతం దరిదాపుల్లోకి వెళ్తుంది. రేటు శాతంలో అడగండి, ఇంటి ధరతో మీరే గుణించుకోండి. హెచ్‌ఓఏ ఫీజు (కాలనీ ఇళ్ళ సంఘానికి కట్టేది) కూడా ఇందులోనే కలపాలి.

టెక్సస్, కాలిఫోర్నియా, అరిజోనా, వాషింగ్టన్ లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాల్లో లోను మీద లేని భార్యదో భర్తదో అప్పు కూడా 41లో కలుపుతారు. అంటే జీతం కలపరు, కారు లోను కలుపుతారు. అన్యాయంగా ఉందంటే ఉంది, రూల్ అదే. స్టూడెంట్ లోనుకు ప్రస్తుతం కిస్తీ సున్నా చూపిస్తుంటే బాకీలో 0.5 శాతాన్ని నెల కిస్తీగా వేసుకుంటారు.

6. లెండర్‌ని పట్టుకోండి

ప్రతి బ్యాంకూ ఈ లోను ఇవ్వదు. ఫోన్ చేయగానే "యూఎస్‌డీఏ గ్యారంటీడ్ లోన్లు మీరు తరచుగా చేస్తారా" అని అడగండి. చేయనివాళ్ళు మాట తిప్పి ఎఫ్‌హెచ్‌ఏ (ఇంకో గవర్నమెంట్ హామీ లోను) అంటారు. చేసేవాళ్ళయితే మీరు చెప్పకముందే ఇంట్లో ఎంతమంది ఉంటారు, డేకేర్ ఎంత అని అడుగుతారు. అదే గుర్తు.

ఇద్దరు ముగ్గురి దగ్గర లోన్ ఎస్టిమేట్ తీసుకోండి. క్లోజింగ్ ఖర్చులు మీవే, జీరో డౌన్ అంటే జీరో ఖర్చు కాదు. అమ్మేవాళ్ళు ధరలో ఆరు శాతం వరకు మీ తరఫున భరించొచ్చు, బేరంలో అడగండి.

7. ఇల్లు, కాంట్రాక్టు

మీరు ఉండటానికే కొనాలి, క్లోజింగ్ అయ్యాక 60 రోజుల్లో దిగాలి. ఎయిర్‌బీఎన్‌బీ ఆలోచనలు, పశువుల వ్యాపారం, షెడ్డు అద్దెకివ్వడం కుదరవు. ఇంటికో నాలుగు కోళ్ళు, కూరగాయల మడి ఉంటే ఎవరూ ఏమీ అనరు.

బావి నీళ్ళు, సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్ళు ఈ ప్రాంతాల్లో మామూలే. నీళ్ళు ల్యాబ్‌కు పంపించి పరీక్ష చేయించాలి. బావి సెప్టిక్ ట్యాంకుకు 50 అడుగులు, దాని నీళ్ళు ఇంకే చోటికి 100 అడుగులు దూరంలో ఉండాలనేది మామూలు కొలత. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు టేపు పట్టుకెళ్ళండి, తర్వాత ఇంటి విలువ కట్టే అప్రైజర్ చెప్పేదాకా ఆగడం ఎందుకు. అప్రైజల్ వేరు, ఇంట్లో లోపాలు వెతికే ఇన్‌స్పెక్షన్ వేరు, రెండోది మీ డబ్బులతో విడిగా చేయించుకోండి.

టెక్సస్‌లో కాంట్రాక్టుతో పాటు వచ్చే థర్డ్ పార్టీ ఫైనాన్సింగ్ అడెండంలో యూఎస్‌డీఏ గ్యారంటీడ్ అనే గడి విడిగా ఉంటుంది. ఏజెంటు అలవాటుగా కన్వెన్షనల్ దగ్గర టిక్ పెట్టేయకుండా సంతకం ముందు చూడండి. క్లోజింగ్ తేదీ మరీ దగ్గరగా పెట్టుకోకండి, లెండర్ ఒప్పుకున్నాక ఫైలు యూఎస్‌డీఏకి కూడా వెళ్ళి రావాలి.

8. నిజంగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

ప్రీక్వాలిఫికేషన్ లెటర్ అంటే ఏమీ కాదు, మీరు నోటితో చెప్పినదాన్ని కాగితం మీద పెట్టడమే. ప్రీఅప్రూవల్ అంటే కాగితాలు చూశారని. గస్‌లో "యాక్సెప్ట్" వచ్చిందంటే సగం ఊపిరి పీల్చుకోవచ్చు. కండిషనల్ కమిట్‌మెంట్ అని యూఎస్‌డీఏ ఇచ్చేది వచ్చాకే అసలు అప్రూవల్. లెండర్ "అంతా క్లియర్" అంటే "కమిట్‌మెంట్ వచ్చిందా" అని ఆ పేరుతోనే అడగండి. వచ్చాక అందులోని వివరాలు మీరు ఇచ్చినవేనా అని సరిచూసుకోండి.

మీకు రాకపోతే

ఆదాయం దాటినా, అడ్రస్ కుదరకపోయినా సిటిజన్లకూ గ్రీన్‌కార్డు వాళ్ళకూ ఎఫ్‌హెచ్‌ఏ ఉంది, 580 స్కోరుతో 3.5 శాతం డౌన్. హెచ్-1బీ వాళ్ళకు ఒకప్పుడు ఎఫ్‌హెచ్‌ఏ ఇచ్చేవారు, 2025 మే 25 నుంచి అదీ ఆపేశారు, పాత వీడియోలు చూసి వెళ్ళి భంగపడకండి. వాళ్ళకు కన్వెన్షనల్ తెరిచే ఉంది. బ్యాంకుల దగ్గర లోన్లు కొనే సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ చట్టబద్ధంగా ఉంటున్న వీసాదారులకు కూడా లోన్లు కొంటాయి, మొదటిసారి కొనేవాళ్ళకు మూడు శాతం డౌన్ నుంచీ పథకాలున్నాయి. ఆదాయం కొద్దిగా దాటినవాళ్ళయితే పక్క కౌంటీ లిమిట్ కూడా చూడండి, తేడా వేలల్లో ఉండొచ్చు.

ఇంకో విషయం. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. వాషింగ్టన్‌లో బడ్జెట్ పాస్ కాక గవర్నమెంట్ మూతపడితే కొత్త కమిట్‌మెంట్లు ఆగిపోతాయి. 2025లో అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా మూతపడింది గుర్తుందిగా. సెప్టెంబర్ ఆఖరులో క్లోజింగ్ పెట్టుకునేవాళ్ళు కమిట్‌మెంట్ ముందే చేతికొచ్చేలా చూసుకోండి, అద్దె ఇంటి లీజు కూడా నెలనెలా పొడిగించుకునేలా ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.